చెత్త కిరీటం ఎవరికి?

స్టార్‌ట్రెక్ అనే అంతరిక్ష సీరియల్ అభిమానులు ఇద్దరు ఒకచోట చేరితే మంచి ఎపిసోడ్ల గురించి మాట్లాడుకుంటారని మీరు అనుకుంటున్నారేమో. పాపం, మీకు అభిమానులతో పరిచయం లేదు. మంచివేవో ఎప్పుడో తేలిపోయింది, వాటి గురించి మాట్లాడితే పది నిమిషాల్లో టీ చల్లారిపోతుంది. అసలు పాండిత్యమంతా చెత్త ఎపిసోడ్ల దగ్గర బయటపడుతుంది. 1966 సెప్టెంబరు 8న అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్లో మొదలైన ఈ వ్యవహారం మధ్యమధ్యలో ఆగుతూ, నౌకలనూ కెప్టెన్లనూ మార్చుకుంటూ వందల ఎపిసోడ్లు లాగింది. వాటిలో అతి చెత్తది ఏదో తేల్చాల్సిన బాధ్యతను కొందరు పెద్దమనుషులు స్వచ్ఛందంగా నెత్తిన వేసుకున్నారు. దశాబ్దాలుగా విచారణ జరుగుతోంది. సాక్షులు వస్తున్నారు, పోతున్నారు. కొందరు సాక్షులకు మనవలు కూడా పుట్టారు.

తీర్పు మాత్రం ఎప్పుడు విన్నా ఒకటే. ముద్దాయి 'స్పాక్స్ బ్రెయిన్' అనే ఎపిసోడ్, అంటే స్పాక్ అనే నౌకాధికారి మెదడు. యావజ్జీవ శిక్ష, అప్పీలు లేదు. దాని పక్క బోనులోనే అంతకంటే ఘోరమైనవి ఇంకో రెండు నిలబడి ఉంటాయి. వాటి వంతు రాగానే పెద్దమనుషుల ముఖాలు మెత్తబడతాయి. 'అబ్బే, దాన్ని అలా చూడకూడదు. ఆ కాలం అలాంటిది' అంటారు. కేసు కొట్టివేత.

నా పేచీ అంతా ఆ ఒక్క వాక్యంతోనే.

ముందు యావజ్జీవం పడ్డ ముద్దాయి చేసిన నేరం చూద్దాం. 1968 నాటికి సీరియల్ ఆగిపోతుందని పుకారు పుట్టింది. అభిమానులు ఉత్తరాల ఉద్యమం నడిపి ఛానల్ మెడలు వంచి మూడో సీజన్ సాధించుకున్నారు. ఛానల్ సరేనంది. సరేనని బడ్జెట్ కోసింది, ప్రసారాన్ని శుక్రవారం రాత్రి పది గంటలకు నెట్టేసింది. వయసులో ఉన్నవాళ్లెవరూ ఇంట్లో ఉండని వేళ అది. అలా పోరాడి తెచ్చుకున్న సీజన్ సెప్టెంబరు 20న మొదలైతే, తొలి ఎపిసోడ్‌గా తెర మీదికి వచ్చింది ఇదే.

ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌకలో 430 మంది సిబ్బంది. ఒకావిడ పొట్టి గౌనూ పొడుగు బూట్లూ వేసుకుని నేరుగా కంట్రోల్ రూమ్‌లో ప్రత్యక్షమవుతుంది. ఎవరమ్మా నువ్వు అని అడిగేలోపు చిరునవ్వు నవ్వి చేతి కడియం మీద మీట నొక్కుతుంది. నౌక మొత్తం పడి నిద్రపోతుంది. ఆవిడ తీరిగ్గా అందరి ముఖాలూ చూసుకుంటూ వచ్చి, స్పాక్ తల మీద చెయ్యి పెట్టి, ఇది బాగుందన్నట్టు మళ్లీ నవ్వుతుంది. అందరూ లేచి చూసేసరికి స్పాక్ ఆస్పత్రి బల్ల మీద ఉన్నాడు. మెదడు మాత్రం లేదు. తీసుకుపోయారు. తల మీద ఒక్క వెంట్రుక చెదరలేదు, దువ్విన పాపిడి దువ్వినట్టే ఉంది. డాక్టర్ మెకాయ్ ముఖం వేలాడేసి, 24 గంటల్లో మెదడు తెచ్చి పెట్టకపోతే కష్టమంటాడు. కెప్టెన్ కిర్క్ అంతే గంభీరంగా, అయితే పట్టుకొస్తా అంటాడు. కిర్క్‌కి ఇది పెద్ద పని కాదు.

ఇక్కడి నుంచి నాకు ఊపిరి ఆడదు. దొంగలు దిగిన గ్రహం దొరుకుతుంది. పైనంతా మంచు, దుడ్డుకర్రలు పట్టుకుని తిరిగే మగాళ్లు. భూగర్భంలో వెచ్చగా ఆడవాళ్లు. కిర్క్ వెంట డాక్టరూ, ఇంజనీరు స్కాటీ వస్తారు, మెదడు లేని స్పాక్ కూడా వస్తాడు. ఆయన తలకు ఒక తొడుగు బిగించి, డాక్టర్ చేతిలో రిమోట్ పట్టుకుంటాడు. మీట నొక్కుతాడు, టిక్. స్పాక్ అడుగేస్తాడు. టిక్. ఆగుతాడు. టిక్. పక్కకు తిరుగుతాడు. నౌకలోకెల్లా మహా మేధావి, బొమ్మకారు నడిచినట్టు నడుస్తున్నాడు. పక్కన ఉన్నవాళ్లలో ఒక్కరి పెదవి కూడా వంకర తిరగదు. అసలు ఆ శరీరాన్ని ఎందుకు లాక్కొచ్చారని మీకు సందేహం రావచ్చు. మెదడు దొరికితే అక్కడికక్కడే బిగించేయవచ్చు కదా, మళ్లీ తిరగడం ఎందుకు.

స్పాక్ మెదడును ఒక నల్లపెట్టెలో పెట్టి, ఆ పాతాళ నగరానికి గాలీ వేడీ సరఫరా చేసే పని అప్పగించారని తేలుతుంది. దొంగావిడను కిర్క్ నిలదీస్తాడు: మెదడెక్కడ? ఆవిడ విసుక్కుని, 'మెదడు, మెదడు! మెదడంటే ఏంటి?' అంటుంది. తీసినావిడే ఆవిడ! ఆ ఊళ్లో 'టీచర్' అనే యంత్రం ఉంది. నెత్తిన పెట్టుకుంటే మూడు గంటలపాటు సర్వజ్ఞానం వస్తుంది, తర్వాత దిగిపోతుంది. (మన కోచింగ్ సెంటర్లకు ఈ సాంకేతికత ఎప్పుడో అందింది.) డాక్టర్ దాన్ని పెట్టుకుని ఆపరేషన్ మొదలుపెడతాడు. స్పాక్ నుదుటి దగ్గర ఒక తెర. సగం నరాలు కలిపాక నేర్చుకున్నది ఆవిరైపోతుంది. చేతులు వణుకుతాయి. అప్పటికి మాట్లాడే నరం ఒకటి కలిసింది కాబట్టి స్పాక్ కళ్లు తెరిచి, మిగతావి ఎలా కలపాలో తానే డాక్టరుకి చెప్పుకుంటాడు. రోగి ఆదేశాలు, డాక్టర్ కుట్లు. పని పూర్తికాగానే లేచి కూర్చుని ఆ గ్రహ చరిత్ర మీద ఉపన్యాసం ఎత్తుకుంటాడు. నోరు కలపకుండా ఉండాల్సిందని డాక్టర్ నొచ్చుకుంటాడు. శుభం.

స్పాక్ వేషం వేసిన లెనార్డ్ నిమోయ్, ఆ షూటింగ్ జరిగినన్నాళ్లూ సిగ్గుపడ్డానని తర్వాత రాసుకున్నాడు. రాసింది జీన్ కూన్, ఇదే సీరియల్‌కి క్లింగాన్లనే పేరుమోసిన శత్రుజాతిని ఇచ్చిన మనిషి. దీనికి లీ క్రోనిన్ అని మారుపేరు పెట్టుకున్నాడు. ఆ ముందుచూపు మెచ్చుకోదగ్గది. మన దూరదర్శన్ 1980ల్లో ఆదివారాల్లో ఈ సీరియల్ వేసినప్పుడు చూసిన పిల్లలకైతే ఇందులో తప్పేమీ కనిపించి ఉండదు. ఉన్నట్టుండి మనిషిని నడిపించే రిమోట్ దొరికితే ఏ పిల్లవాడు కాదంటాడు? నేనూ కాదనను. ఒక్క ఫ్రేము కూడా మార్చను.

పెద్దమనుషుల జాబితాలో తర్వాతి పేర్లు చకచకా చూసేద్దాం. 1989లో, నెక్స్ట్ జనరేషన్ అనే తర్వాతి సీరియల్‌లో 'షేడ్స్ ఆఫ్ గ్రే': డబ్బు అయిపోయింది, మూడు రోజుల్లో తీసేశారు. రైకర్ అనే నౌకాధికారికి విషపు ముల్లు గుచ్చుకుని స్పృహ పోతుంది, పాత ఎపిసోడ్ల ముక్కలు కలలుగా వస్తాయి. చేదు జ్ఞాపకాలకు రోగక్రిములు చస్తాయని డాక్టరమ్మ కనిపెడుతుంది. ఈ ఎపిసోడే ఒకసారి చూపించి ఉంటే రెండు నిమిషాల్లో నయమయ్యేది. 1994లో అదే సీరియల్‌లో 'సబ్ రోజా': నౌక డాక్టరమ్మ క్రషర్ చనిపోయిన అమ్మమ్మ ప్రియుణ్ణి ప్రేమిస్తుంది, అతను ఒక కొవ్వొత్తిలో ఉంటాడు. వివరాలు అడగకండి. 2005లో ఎంటర్‌ప్రైజ్ అనే సీరియల్ ముగింపు ఎపిసోడ్: నాలుగేళ్లు నడిచిన వాళ్ల వీడ్కోలు విందుకు పాత సీరియల్ నుంచి రైకర్ వచ్చి కూర్చున్నాడు, ఇంటివాళ్లంతా అతను చూసే హోలోగ్రామ్ బొమ్మలైపోయారు. ఇది మాత్రం తిట్టదగ్గదే.

వాయేజర్ అనే సీరియల్‌లోని 'థ్రెషోల్డ్' దగ్గర కాస్త ఆగాలి. వాయేజర్ నౌక ఇంటికి 70 వేల కాంతి సంవత్సరాల దూరంలో తప్పిపోయింది, మామూలుగా వెళ్తే 75 ఏళ్లు. పైలట్ టామ్ పారిస్ వార్ప్ 10 అనే అసాధ్యమైన, అనంతమైన వేగాన్ని అందుకుంటాడు. ఫలితంగా జుట్టు ఊడుతుంది, నాలుక ఊడిపడుతుంది, మనిషి కాస్తా బల్లిలా మారతాడు. డాక్టర్ అందరినీ మళ్లీ మనుషులుగా మార్చేస్తాడు. వేగం చేతిలో ఉంది, మందూ చేతిలో ఉంది. ఒక్కసారి బల్లులైపోయి ఇంటికెళ్లి మందు వేసుకుందామని ఒక్కరికీ తట్టదు. ఇంకో ఐదేళ్లు అంతరిక్షంలో తిరిగారు. దీనికి మేకప్‌లో ఎమ్మీ అవార్డు కూడా వచ్చింది.

పెద్దమనుషులు ఇక్కడి దాకా చెప్పి పొట్ట పట్టుకుని నవ్వుతారు. నవ్వడం అయ్యాక నేను ఒకటి అడగాలి. ఆ బల్లి ఎత్తుకుపోయింది ఎవరిని? కెప్టెన్ జేన్‌వేని. స్టార్‌ట్రెక్ సీరియల్‌ను ముందుండి నడిపిన తొలి మహిళా కెప్టెన్. 1995 జనవరి 16న ఆ కుర్చీలో కూర్చుంది. 1996 జనవరి 29కల్లా ఆవిణ్ణి బల్లిని చేసి, తన కింది ఉద్యోగితో ముగ్గురు పిల్లల్ని కనేలా చేసి, ఆ పిల్లల్ని బురదలో వదిలేసి రప్పించారు. చివర్లో ఆవిడ దాని మీద ఒక జోకు వేసి డ్యూటీకి వెళ్లాలి. కిర్క్‌ని ఎవరైనా ఎత్తుకుపోయి గుడ్లు పెట్టించారా? మూడు సీజన్లలో ఒక్కసారి? విచారణలో బల్లి మేకప్ గురించి గంట వాదిస్తారు, ఈ సంగతి గురించి ఒక్క ముక్క మాట్లాడరు.

సరే, ఇప్పుడు 'ఆ కాలం' సంగతి. 1987 అక్టోబరులో నెక్స్ట్ జనరేషన్ సీరియల్ మూడో వారానికే 'కోడ్ ఆఫ్ ఆనర్' వచ్చింది. ఒక గ్రహం. అక్కడివాళ్లందరూ నల్లజాతి నటులే. తలపాగాలు, గోత్ర గౌరవాలు, తెల్ల అధికారిణిని ఎత్తుకుపోయి పెళ్లాడతాననే నాయకుడు. షూటింగ్ మధ్యలోనే దర్శకుణ్ణి మార్చాల్సి వచ్చింది. నటించినవాళ్లే తర్వాత బహిరంగంగా సిగ్గుపడ్డారు. ఇదే స్టార్‌ట్రెక్ 21 ఏళ్ల ముందు నిషెల్ నికోల్స్ అనే నల్లజాతి నటిని ఉహూరా అనే అధికారిణిగా కంట్రోల్ రూమ్‌లో కూర్చోబెట్టింది. ఆవిడ మానేస్తానంటే మార్టిన్ లూథర్ కింగ్ స్వయంగా వద్దన్నాడని ఆవిడే ఎన్నోసార్లు చెప్పింది. 1966లో చేతనైంది 1987లో చేతకాలేదు. ఇందులో కాలం తప్పేముందండీ? కాలం ముందుకే నడిచింది, వీళ్లే వెనక్కి నడిచారు.

'టర్నబౌట్ ఇంట్రూడర్' మీద మాత్రం నాకు హాస్యం రాదు. 1969 జూన్ 3, తొలి సీరియల్‌కి చివరి ఎపిసోడ్. కథ సీరియల్ సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీదే. జానిస్ లెస్టర్ అనే శాస్త్రవేత్త ఒక యంత్రంతో కిర్క్ శరీరంలోకి దూరి నౌకను చేతిలోకి తీసుకుంటుంది. ఎందుకు? మీ స్టార్‌షిప్ కెప్టెన్ల లోకంలోకి ఆడవాళ్లను రానివ్వరు, ఇది అన్యాయం అంటుంది. కిర్క్ కూడా అన్యాయమేనని ఒప్పుకుంటాడు. ఒప్పుకుని ఊరుకుంటాడు. ఇక మిగతా ఎపిసోడంతా ఆవిడకు ఆ కుర్చీ ఎందుకివ్వకూడదో రుజువు చేయడమే. కిర్క్ ఒంట్లో ఉండి గోళ్లు అరగదీసుకుంటుంది, కేకలు పెడుతుంది, ఎదురు చెప్పినవాళ్లకు మరణశిక్ష వేస్తుంది. కెప్టెన్ తాగి ఉండగా చూశాను, జ్వరంలో చూశాను, కోపంలో చూశాను, ఇలా హిస్టీరియాతో ఊగిపోవడం ఎన్నడూ చూడలేదని స్కాటీ అంటాడు. అదే సాక్ష్యం. ఆడది అనడానికి అంతకంటే ఇంకేం కావాలి!

ఆ కాలం అలాంటిదట. ఏ కాలం? 1963 జూన్‌లో సోవియట్ వ్యోమగామి వాలెంతీనా తెరిష్కోవా ఒంటరిగా వోస్టాక్ 6 ఎక్కి భూమి చుట్టూ 48 సార్లు తిరిగి వచ్చింది. సెట్టు మీద కాదు, నిజంగా. 1966 జనవరిలో ఇందిరాగాంధీ మన దేశానికి ప్రధాని అయింది. అప్పటికి ఎంటర్‌ప్రైజ్ ఇంకా టీవీలోకి రానేలేదు. 1969 మార్చిలో గోల్డా మెయిర్ ఇజ్రాయెల్ ప్రధాని అయింది. ఇవన్నీ పేపర్లలో వచ్చాయి, రాడెన్‌బెరీ ఊళ్లో కూడా పేపర్లు వచ్చేవి. పైగా ఆయన రాస్తున్నది 1969 గురించి కాదు, 23వ శతాబ్దం గురించి! మూడు వందల ఏళ్ల అవతలికి చూడగల మనిషి. మెదడు తీసేసినవాణ్ణి రిమోట్‌తో నడిపించవచ్చని ఆయన సీరియల్ ఊహించింది, ఆడమనిషి నౌకకు కెప్టెన్ కావచ్చని మాత్రం దాని ఊహకు అందలేదు. దానికి క్షమాపణ. అట్ట సెట్లకూ ప్లాస్టిక్ తొడుగుకూ మాత్రం క్షమాపణ లేదు. డబ్బు లేకపోవడం నేరం, బుద్ధి లేకపోవడం కాలమహిమ. సిగ్గులేని తీర్పు ఇది.

భాష్యకారులు కూడా ఉన్నారండోయ్. జానిస్ మాటకు అర్థం అది కాదట. కెప్టెన్లు నౌకనే పెళ్లాడతారు కాబట్టి వాళ్ల జీవితంలో ప్రేయసికి చోటుండదని ఆవిడ భావమట. మరి ఆవిడ లాక్కున్నది కిర్క్ మనసు కాదు కదా, కుర్చీ! ఈ తెలివిలో పదో వంతు 'స్పాక్స్ బ్రెయిన్'కి ఖర్చు పెట్టి ఉంటే దానికి ఈపాటికి బెయిలైనా వచ్చేది.

ఎపిసోడ్ చివర్లో జానిస్ ఓడిపోయి కుప్పకూలుతుంది, ఆవిణ్ణి తీసుకుపోతారు. కిర్క్ నిట్టూర్చి, అందరు ఆడవాళ్లలాగే ఆవిడ జీవితమూ నిండుగా ఉండేది, 'ఒకవేళ... ఒకవేళ...' అంటూ లిఫ్టులోకి వెళ్లిపోతాడు. 79 ఎపిసోడ్ల సీరియల్‌లో ఆఖరి మాట అదే. ఒకవేళ ఏమిటయ్యా? దరఖాస్తు తీసుకుని ఉంటే సరిపోయేది కదా!