బంగారానికి లెక్కుంది, సీసానికి లేదు

ఆదివారం పొద్దున మా గల్లీలోకి ట్రాలీ ఆటో వస్తుంది, మైక్‌లో అదే రికార్డింగ్, పాత ఫ్రిజ్‌లు, పాత టీవీలు, ల్యాప్‌టాప్‌లు, బ్యాటరీలు కొంటాం అని. మొన్న మా డబ్బా టీవీని కిందికి దింపితే ఆయన వెనక వైపు ఒకసారి చూసి "రాగి తప్ప ఏముంటదన్నా ఇండ్ల" అని వంద చేతిలో పెట్టాడు, పక్కనే ఉన్న చచ్చిపోయిన ఇన్వర్టర్ బ్యాటరీకి మాత్రం బేరం ఆడకుండానే వెయ్యి దాటించాడు. రెండింట్లోనూ సీసం (లెడ్) ఉంది కదా, మరి ఒకదానికే రేటేంటి?

బ్యాటరీలో సీసం పలకలుగా ఉంటుంది, కరిగిస్తే అమ్ముడుపోతుంది (పెరట్లో కరిగిస్తే ఆ పొగ ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతుందనేది వేరే కథ). పాత టీవీలో అది పిక్చర్ ట్యూబ్ గాజులోనే కలిసిపోయి ఉంటుంది, సైజును బట్టి ఒకటి నుంచి మూడు కిలోల దాకా, దాన్ని బయటికి తీసే ఖర్చు దాని ధర కంటే ఎక్కువ. అందుకే ట్యూబ్ మెడ విరగ్గొట్టి రాగి కాయిల్ లాక్కుని గాజుని అక్కడే పడేస్తారు. మదర్‌బోర్డు సంగతీ ఇంతే. టన్ను పాత కంప్యూటర్ బోర్డుల్లో బంగారం వంద గ్రాముల పైనే దొరుకుతుంది, గని రాయిలో అయితే టన్నుకి ఐదారు గ్రాములు దొరికితే గొప్ప, కాబట్టి యాసిడ్‌లో ముంచి ఆ బంగారం తీసుకుంటారు, బోర్డు మీద భాగాల్ని అతికించే టంకంలోని సీసం, మిగతా లోహాలు కలిసిన ఆ యాసిడ్ నీళ్లు మాత్రం మోరీలోకి. ఇక కేబుళ్లు తగలబెడితే వచ్చే నల్ల పొగలో డయాక్సిన్లు అనే విష రసాయనాలు అదనం.

మన హైదరాబాద్ మోరీలు నాలాల్లోకి, నాలాలు మూసీలోకి. మూసీ దిగువన ఆ మురికినీళ్లతోనే పశువుల గడ్డి పెంచుతారు, ఆ గడ్డి తినే బర్రెల పాలు మళ్లీ సిటీకే వస్తాయి. సీసం కుళ్లిపోయేది కాదు, ఒంట్లోకి పోతే కాల్షియం వేషం వేసుకుని ఎముకల్లో ఏళ్లకేళ్లు తిష్ట వేస్తుంది, పిల్లల మెదడుకైతే ఇంత వరకు పర్లేదు అనే లెవెలే లేదని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తోంది. 2008లో కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టి మీద వచ్చిన ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) స్టడీలో సీసం, క్రోమియం ఎక్కువగా కనిపించాయి. అది అన్ని రకాల ఫ్యాక్టరీల పాపం, ఈ-వేస్ట్ (ఇలాంటి పాత ఎలక్ట్రానిక్ చెత్త) ఒక్కదానిదే అనట్లేదు, కానీ మట్టిలోకి ఒకసారి దిగితే ఎవరూ తీయలేరని అర్థం కావడానికి అది చాలు.

రూల్స్ లేవా అంటే ఉన్నాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఈ-వేస్ట్ రూల్స్ నడుస్తున్నాయి, కంపెనీలు అమ్మిన సరుకులో ఇంత శాతం రీసైకిల్ అయినట్టు రీసైక్లర్ల దగ్గర సర్టిఫికెట్లు కొనాలి. నా కంప్లయింట్ ఇక్కడే. ఆ సర్టిఫికెట్లు లెక్కపెట్టేది బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము, అంతే. అంటే ట్రాలీ ఆయన లెక్క, సర్కారు లెక్క ఒకటే, అమ్ముడుపోయేదే లెక్కలోకి వస్తుంది! రీసైక్లర్‌కి కిలోకి కనీసం 22 రూపాయలు ఇవ్వమని కేంద్రం అంటే దానికే కొన్ని పెద్ద కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకెక్కాయి, ఇక కొనేవాడే లేని సీసం గాజుకి ఎవడిస్తాడు?

కబాడీ షాపుల మీద రెయిడ్లు చేసి ఫొటోలు దిగితే అదే పని ఊరి బయటికి జరుగుతుంది తప్ప ఆగదు. టెక్నాలజీ లేదని కూడా అనలేం, సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలు తీసే పద్ధతిని మన చర్లపల్లిలోని సీ-మెట్ (ఎలక్ట్రానిక్స్ పదార్థాల మీద పనిచేసే కేంద్ర పరిశోధన సంస్థ) వాళ్లే తయారుచేశారు. కావాల్సింది విషానికి కూడా ఒక రేటు. పగలని ట్యూబ్ తెచ్చిస్తే ఇంత, ఒలవని బోర్డు తెచ్చిస్తే ఇంత అని ప్రతి వార్డులో ఒక కౌంటర్ పెట్టి, ఆ డబ్బు టీవీ అమ్మిన కంపెనీ దగ్గర వసూలు చేయాలి. మా గల్లీకి వచ్చే ఆయనకి రాగి మీద ప్రేమేం లేదు, గాజుకి యాభై ఎక్కువిస్తే మెడ విరగ్గొట్టకుండా గుడ్డలో చుట్టి మరీ తెచ్చిస్తాడు.