నీటిలో వదిలిన తరువాత

రుషికొండ, యారాడ, భీమిలి తీరాల్లో తెల్లవారుజామునే రాళ్ల మీద రాడ్డు, రీలు పట్టుకుని నిలబడే యువకులు విశాఖవాసులకు ఇప్పుడు కొత్త కాదు. వీరిలో కొందరు పట్టిన చేపను ఇంటికి తీసుకుపోరు, ఫొటో దిగి మళ్లీ సముద్రంలోకే వదిలేస్తారు. కూరకు కాక సరదాకు గాలం వేయడమేమిటని పెద్ద జాలరిపేటలో ఎవరైనా అడిగితే ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. అయినా వదిలేసే అలవాటును మేము తప్పుపట్టడం లేదు. వలలో పడిన పిల్ల చేపకు దొరకని అవకాశం గాలానికి చిక్కిన చేపకు దొరుకుతున్నదంటే అది మంచిదే. అయితే వదిలిన చేప బతుకుతుందన్న నమ్మకం మీదే ఈ సరదా అంతా నిలబడి ఉండగా, ఆ నమ్మకాన్ని నిజం చేసే జాగ్రత్తలను మన తీరంలో ఎవరూ గట్టిగా పట్టించుకోకపోవడమే మా అభ్యంతరం.

ఈ విషయంలో అమెరికాలో బాస్ అనే మంచినీటి చేపను గాలంతో పట్టేవారి అనుభవం మనకు పనికొస్తుంది. అక్కడ బాస్ వేటగాళ్ల సంఘాన్ని 1968లో స్థాపించిన రే స్కాట్, 1972లో తన పోటీలలో చేపలను చంపకుండా వదిలే పద్ధతిని ప్రవేశపెట్టారు. పడవల్లో గాలి ఆడే నీటి తొట్టెలు వచ్చాయి, తూకం అయ్యాక చేపలు తోక ఆడిస్తూ వెళ్లిపోవడం చూసి అందరూ తృప్తిపడ్డారు. ఆ తరువాత పరిశోధకులు అలా వెళ్లిన చేపలను మడుగుల్లో ఉంచి గమనించగా, వాటిలో కొన్ని కొద్ది రోజులకే చనిపోతున్నాయనీ, వేసవిలో ఈ మరణాలు పెరుగుతున్నాయనీ తేలింది. వివిధ జాతుల మీద జరిగిన అధ్యయనాల్లోని 274 అంచనాలను కలిపి చూసిన 2005 నాటి ఒక సమీక్షలో, వదిలిన చేపల్లో చనిపోయేవి సగటున 18 శాతమని తేలింది. కొన్ని చోట్ల దాదాపు ఒక్కటీ చావలేదు, మరికొన్ని చోట్ల సగానికి పైగా చచ్చాయి. ఈ తేడా చేప అదృష్టం మీద కన్నా పట్టినవారి చేతుల మీదే ఎక్కువగా ఆధారపడి ఉంది.

గాలం పెదవికి తగులుకుంటే చేప సాధారణంగా బతుకుతుంది, గొంతులోకో మొప్పల్లోకో దిగితే బతకడం కష్టం. లోతుగా దిగిన గాలాన్ని పీకడం కన్నా దారాన్ని దగ్గరగా కత్తిరించి వదలడమే మేలు. సన్నని దారంతో ఎంతసేపు ఆడిస్తే అంత గొప్ప అన్న భావన మరో బెడద, ఎందుకంటే ఆ పెనుగులాటలో చేప కండరాల్లో ఆమ్లం పేరుకుంటుంది, ఊపిరికి అప్పుపడిన ఆ చేపను సరిగ్గా అప్పుడే నీటి నుంచి పైకి తీస్తాం.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. మొప్పల్లోని సన్నని పోగులు నీటిలో విచ్చుకుని ఉండి ప్రాణవాయువును అందుకుంటాయి, గాలిలో అవి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. కెనడా పరిశోధకులు 1992లో ప్రచురించిన ప్రయోగంలో, బాగా అలసిన రెయిన్‌బో ట్రౌట్ చేపలను గాలిలో ఉంచకపోతే చనిపోయినవి 12 శాతం. అర నిమిషం ఉంచితే 38 శాతం, నిమిషం ఉంచితే 72 శాతం. అది ప్రయోగశాలలో చల్లని నీటి చేప మీద జరిగిన పరీక్ష కనుక అవే అంకెలు మన పార, పండుగప్ప చేపలకు వర్తిస్తాయని ఎవరూ చెప్పలేరు. కానీ రాళ్ల మీద ఫొటో తతంగం నిమిషంలో ఎప్పుడూ ముగియదు. ఒకరు ఫోను తీసేలోగా చేపను ఎండకు కాగిన రాతి మీద పెడతారు. పైకి ఎత్తేసరికి అక్కడ జిగురు మరక, అందులో అంటుకున్న రెండు మూడు పొలుసులు మిగులుతాయి. ఒంటి మీది ఆ జిగురే చేపకు రోగాల నుంచి రక్షణ. తరువాత కింది దవడ పట్టుకుని నిలువుగా వేలాడదీస్తారు, పెద్ద చేప బరువంతా ఆ దవడ మీదా మెడ మీదా పడుతుంది. ఇంకో ఫొటో, ఈసారి నవ్వుతూ.

మన వాతావరణం ఈ నష్టాన్ని పెంచేదే. 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉండగలిగితే, 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నరకు పడిపోతుంది, ఉప్పునీటిలో ఇంకా తక్కువ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో యంత్ర పడవల వేటను ఆపేస్తున్నాం, జాలరి కుటుంబాలు ఆ భారాన్ని మోస్తున్నాయి. నీరు వేడెక్కే ఆ వారాల్లోనే రాళ్ల మీద సరదా వేట మాత్రం యథావిధిగా సాగిపోతుంది.

పండుగప్ప విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఈ చేప మొదట మగదిగా పెరిగి, కొన్నేళ్ల తరువాత ఆడదిగా మారుతుంది. అంటే ఫొటోకు బాగా నప్పే భారీ పండుగప్పలన్నీ దాదాపుగా గుడ్లు పెట్టే తల్లులే. ఇదే చేపకు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో 58 సెంటీమీటర్ల కన్నా చిన్నవాటినీ, 120 సెంటీమీటర్ల కన్నా పెద్దవాటినీ ఉంచుకోకూడదన్న నిబంధన ఉన్నది ఊరికే కాదు.

పడవ మీద వెళ్లి లోతు నుంచి పట్టేవారి సమస్య వేరు. ముప్పై మీటర్ల లోతున ఒత్తిడి ఉపరితలం మీద కన్నా నాలుగు రెట్లు ఉంటుంది. అక్కడి నుంచి స్నాపర్‌నో గ్రూపర్‌నో పైకి లాగితే దాని పొట్టలోని గాలితిత్తి నాలుగింతలు ఉబ్బుతుంది, కళ్లు బయటికి పొడుచుకొస్తాయి. అలాంటి చేపను ఊరికే వదిలితే మునగలేక తేలుతూ పక్షుల పాలవుతుంది. బరువు కట్టి మళ్లీ లోతుకు దింపే పరికరాన్నో, తిత్తిలోని గాలి తీసే సాధనాన్నో సిద్ధంగా ఉంచుకోవాలని గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఇలాంటి చేపలను పట్టేవారికి అమెరికా 2021లో చట్టమే చేసింది.

మన దగ్గర చట్టం దాకా పోనక్కరలేదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం, ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా స్థావరం ఈ నగరంలోనే ఉన్నాయి. వదిలిన పారలు, పండుగప్పలు మన వేడి నీటిలో ఎన్ని బతుకుతున్నాయో తీరంలో మడుగులు కట్టి తేల్చే పనిని మత్స్యశాఖ ఈ రెండు సంస్థలకు అప్పగించాలి. ఆ ఫలితాలు వచ్చేదాకా వేసవిలో ఎవరు వేట పోటీలు పెడతామన్నా అధికారులు అనుమతి ఇవ్వకూడదు. పర్యాటకం పేరిట వచ్చే ప్రతిపాదనలకూ ఇదే షరతు పెట్టాలి.

వేటగాళ్ల వంతు చాలా చిన్నది. మూడు కొక్కేల గాలానికి బదులు ముల్లు నొక్కేసిన ఒంటి కొక్కెం, ఎర వేసేవారైతే కొన లోపలికి వంగి ఉండి లోతుగా దిగని సర్కిల్ హుక్, చేతిలో ఒక పటకారు, ముడులు లేని రబ్బరు వల ఉంటే చాలు. చేతులు తడి చేసుకుని, చేపను నీటిలోనే ఉంచి కొక్కెం తీయాలి. ఫొటో తప్పదనుకుంటే ఊపిరి బిగబట్టి, తాము మళ్లీ ఊపిరి తీసుకునేలోగా దిగాలి. మొప్పల నుంచి రక్తం కారుతున్న చేపను మాత్రం, దాన్ని ఉంచుకోవడానికి నిబంధనలు అడ్డురానంత వరకు, పుణ్యం వస్తుందని నీటిలో పారేయవద్దు. దాన్ని ఇంటికి తీసుకుపోయి వండుకుని, ఆ పూటకు గాలం చుట్టేయాలి.