కథ అడ్డొస్తోంది, పదాలకు దారివ్వండి

పిల్లల పుస్తకాలు పిల్లల కోసం రాస్తారన్న అపోహ లోకంలో ఇంకా చలామణీ అవుతోంది. ఇంగ్లీషు నేర్చుకోవాలనుకునే పెద్దవాళ్ల కోసమే అవి పుట్టాయని విజ్ఞులు ఎప్పుడో తేల్చేశారు. "ముందు పిల్లల పుస్తకంతో మొదలుపెట్టండి, ఈజీగా ఉంటుంది, వొకాబులరీ దానంతటదే వచ్చేస్తుంది" అంటారు. ఆ మాట నమ్మినవాళ్ల చేతిలోకి లూయిస్ కారల్ రాసిన 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్' వచ్చి పడుతుంది. 1865 నాటి పుస్తకం. రచయిత అసలు పేరు చార్ల్స్ డాడ్జ్‌సన్, ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కలు చెప్పేవాడు. లెక్కల మాస్టారు కాబట్టి, రోజుకిన్ని పదాలని లెక్కపెట్టుకునే మనలాంటివాళ్లను ఆయన మనసులో పెట్టుకునే రాసి ఉంటాడని నా దృఢ విశ్వాసం.

పద్ధతి అందరికీ తెలిసిందే. చేతిలో పుస్తకం, వేళ్ల మధ్య పసుపు హైలైటర్, ఒళ్లో ఫోన్, ఫోన్‌లో డిక్షనరీ. పక్కన నోట్‌బుక్, అందులో మూడు గళ్లు: పదం, అర్థం, సొంత వాక్యం. మూడో గడి ఎవరూ నింపరు. అది ఉండాలి, అంతే.

ఇలా సర్వసన్నద్ధంగా కూర్చున్న విద్యార్థికి ఎదురయ్యే మొదటి ఆటంకం కథ. ఆలిస్ కుందేలు వెంట పరుగెత్తి బొరియలో పడిపోతుంది. పడుతూనే ఉంటుంది. చుట్టూ గోడల నిండా అలమరలు, పుస్తకాల అరలు, మేకులకు తగిలించిన మ్యాపులు. ఒక అరలోంచి మార్మలేడ్ సీసా అందుకుంటుంది. అది ఖాళీ. కిందికి వదిలేస్తే ఎవరి నెత్తిన పడి చస్తారోనని, పడుతూ పడుతూనే దాన్ని ఇంకో అలమరలో సర్దుతుంది. ఇక్కడ నవ్వుతూ కూర్చునేవాళ్లకు ఈ జన్మలో ఇంగ్లీషు రాదు. సిసలైన విద్యార్థి ఆ పిల్లను గాల్లోనే ఆపి మార్మలేడ్‌కి అర్థం చూస్తాడు. తర్వాత ఆ అర్థంలో ఉన్న మాటకి అర్థం చూస్తాడు. ఈలోగా ఫోన్‌లో ఏదో మెసేజ్ వస్తుంది, అదీ చూస్తాడు. ఆలిస్ మాత్రం పడుతూనే ఉంటుంది. బొరియ మరీ లోతైనదో, తనే మరీ నెమ్మదిగా పడుతోందో తెలియలేదని పుస్తకంలో ఉంది. ఇందులో అంత తెలియకపోవడానికేముంది? డిక్షనరీ చూసుకునేవాళ్ల సౌకర్యం కోసమే ఆమెను అంత నెమ్మదిగా పడేశారు.

పడుతూ ఆ పాప లాటిట్యూడ్, లాంగిట్యూడ్ అనే మాటలు పలుకుతుంది. వాటి అర్థం ఆమెకు బొత్తిగా తెలియదు, అనడానికి గంభీరంగా ఉన్నాయి కాబట్టి అంటుందట. చుట్టూ వినేవాళ్లు కూడా ఎవరూ లేరు. రచయిత దీన్ని హాస్యమనుకుని రాసినట్టున్నాడు. నాకైతే పుస్తకం మొత్తంలో ఆదర్శప్రాయమైన ఘట్టం ఇదే. మీటింగుల్లో, ఇంటర్వ్యూల్లో, పెద్ద పెద్ద ఈమెయిళ్లలో మనం చేస్తున్నది ఇదే కదా.

ఇక హైలైటర్ సంగతి. అది తెలియని పదాన్ని పట్టుకుంటుంది, తెలిసిన పదాన్ని గౌరవంగా వదిలేస్తుంది. కుందేలు తెల్లటి 'కిడ్ గ్లోవ్స్' పారేసుకుంటుంది. కిడ్ అంటే ఎవరికి తెలియదు? పిల్లల గ్లోవ్స్ అనుకుని ప్రశాంతంగా పేజీ తిప్పేస్తాం. అవి మేకపిల్ల తోలుతో చేసినవన్న సంగతి నోట్‌బుక్‌లోకి ఎప్పటికీ ఎక్కదు. చదివేదాంట్లో నూటికి 98 పదాలు ముందే తెలిసి ఉంటే మిగతావి సందర్భాన్ని బట్టి పట్టుబడతాయని భాషా పరిశోధకులు అంటారు. అంటే పదాలు నేర్చుకోవాలంటే ముందు పదాలు వచ్చి ఉండాలి, మొదటి ఉద్యోగానికే అనుభవం అడిగినట్టు.

మాక్ టర్టిల్ అనే తాబేలు తన చదువు గురించి చెప్పే చోట విద్యార్థికి పండగే. రీలింగ్, రైదింగ్ నేర్చుకున్నానంటుంది. వెంటనే నోట్‌బుక్‌లో పడతాయి: తూలడం, మెలికలు తిరగడం. సముద్రం అడుగున బడి కాబట్టి అవే సబ్జెక్టులు కాబోలనుకుని ముందుకెళ్తాం. రీడింగ్, రైటింగ్ మీద వేసిన జోకు మాత్రం లిస్టులోకి రాదు. దానికి గడి లేదు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఈ పుస్తకంలో విద్యాద్రోహులున్నారు. మూడో అధ్యాయంలో డోడో పక్షి లేచి సభను వాయిదా వేయాలంటూ చక్కటి, బరువైన ఇంగ్లీషులో ప్రతిపాదిస్తుంది. పక్కనున్న గద్దపిల్ల "ఇంగ్లీషులో మాట్లాడు" అని అడ్డం పడుతుంది. నువ్వన్న పొడుగు మాటల్లో సగం నాకు అర్థం కాలేదు, నీకూ అర్థమై ఉండవంటుంది. పెద్దల సమక్షంలో ఎంత మాట! మిగతా పక్షులు కొన్ని పైకే కిసుక్కుమంటాయి కూడా. తర్వాతి ముద్రణలో ఈ గద్దపిల్లను తీసేయాలని ప్రచురణకర్తలకు నా మనవి.

1871లో వచ్చిన రెండో భాగం ఇంకా ప్రమాదం. అందులో ఒక పద్యం నిండా రచయిత సొంతంగా తయారుచేసిన మాటలే. కష్టపడి రాసుకున్నవాళ్ల శ్రమ ఏం కావాలి? వాటిలో 'చార్టిల్' (సంబరంగా కిలకిలా నవ్వడం) లాంటివి తర్వాత నిజంగానే డిక్షనరీలకెక్కాయి, అంతవరకు నయం. అదే పుస్తకంలో హంప్టీ డంప్టీ, ఒక మాటతో ఎక్కువ పని చేయిస్తే దానికి అదనంగా కూలి ఇస్తానంటాడు. శనివారం రాత్రి మాటలన్నీ ఆ డబ్బుల కోసం వచ్చి నిలబడతాయట. ఈ సంగతి బయటికి పొక్కకూడదు. మన నోట్‌బుక్‌లో ఒక్క రోజూ పనిలేకుండా పడి ఉన్న మాటలు కూడా లేచి నిలబడితే ఏం చెప్తాం?

కాబట్టి నా ప్రతిపాదన ఇది. కథ, పాత్రలు, పాటలు, జాన్ టెనియల్ గీసిన బొమ్మలు అన్నీ తీసేసి, కఠిన పదాలు మాత్రం అకారాది క్రమంలో పెట్టి ఈ పుస్తకాన్ని మళ్లీ అచ్చువేయాలి. బొమ్మలూ సంభాషణలూ లేని పుస్తకం దేనికని మొదటి పేజీలోనే ఆలిస్ అనుకుంటుంది నిజమే. ఆమెను పట్టించుకోనక్కర్లేదు. ఆ పిల్లకి లాటిట్యూడ్ అంటే ఏమిటో కూడా తెలియదు.