శిల్పి లేని తోరణం

తిరుమలలో శిలాతోరణం దగ్గర కాసేపు నిలబడితే ఒక ప్రశ్న తప్పకుండా చెవిన పడుతుంది. "దీన్ని ఎవరు కట్టించారు?" దర్శనం ముగించుకుని జీపు దిగిన కుటుంబంలో ఎవరో ఒకరు అడుగుతారు. అడగడంలో తప్పేమీ లేదు. సుమారు 25 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. రెండు పక్కలా పొరలు పొరలుగా పేర్చినట్టున్న బండలు, వాటిని కలుపుతూ పైన సన్నని రాతి పట్టీ. ఎవరూ కట్టలేదంటే నమ్మడం కష్టమే. ఒక్క రాయి జారినా అంతా కూలుతుందనిపిస్తుంది. మరి సగం తోరణంగా ఉన్నప్పుడు ఎలా నిలబడింది?

ఇదే ప్రశ్నను జీవుల మీదికి మళ్లించి, సైన్సు కోటు తొడిగితే అదే 'ఇంటెలిజెంట్ డిజైన్' వాదం. జీవకణంలోని కొన్ని ఏర్పాట్లు ఎంత జటిలమైనవంటే, అవి అంచెలంచెలుగా ఏర్పడడం అసాధ్యమట. వెనక ఒక తెలివైన రూపకర్త ఉండి తీరాలట. ఇది మతం కాదు, సైన్సేనని దాని పట్టుదల. మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం: ఇది సైన్సు కాదు. ఎందుకు కాదో శిలాతోరణమే సగం చెబుతుంది.

ఆ తోరణాన్ని ఎవరూ రాయి మీద రాయి పెట్టి కట్టలేదు. అక్కడ ముందు ఉన్నది మొత్తం బండ. గాలి, వాన, ఎండ కలిసి మెత్తని భాగాన్ని కొద్దికొద్దిగా తినేశాయి. గట్టి భాగం మిగిలింది. 'సగం తోరణం ఎలా నిలబడింది' అన్న ప్రశ్నే పొరపాటు. సగం తోరణం ఎన్నడూ లేదు, నిండు బండ ఉండేది. జీవపరిణామంలోనూ ఇదే జరుగుతుంది. ఈరోజు ఒక్క భాగం తీసినా ఆగిపోయే యంత్రం, నిన్న వేరే పని చేసిన భాగాలతో, ఇప్పుడు మాయమైపోయిన ఆసరాలతో తయారై ఉండవచ్చు.

ఈ వాదానికి పెద్దదిక్కు, అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త మైకేల్ బీహీ చూపిన ఉదాహరణ బ్యాక్టీరియా కశాభం. సూక్ష్మజీవి ఈదడానికి వాడే తోక అది, మొదలు దగ్గర మోటారులా తిరుగుతుంది. ఒక్క భాగం తీసినా తిరగదు కాబట్టి మొత్తం ఒకేసారి తయారై ఉండాలన్నాడాయన. తీరా చూస్తే అందులోని కొన్ని ప్రొటీన్లను పోలినవే ప్లేగు బ్యాక్టీరియాలో విషం ఎక్కించే సూదిగా పనిచేస్తున్నాయి. మోటారు కాకపోతే సూది! పనికిరాని చెత్త మాత్రం కాదు.

ఈ సంగతులన్నీ 2005లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో కోర్టు బోను ఎక్కాయి. డోవర్ అనే చిన్న ఊరి స్కూలు బోర్డు, తొమ్మిదో తరగతి జీవశాస్త్రం పిల్లలకు 'డార్విన్ సిద్ధాంతంలో లోపాలున్నాయి, ఇంటెలిజెంట్ డిజైన్ కూడా ఉంది' అని ఒక ప్రకటన చదివి వినిపించాలంది. సైన్సు టీచర్లు చదవబోమన్నారు. అధికారులే తరగతికి వచ్చి చదివారు. 11 మంది తల్లిదండ్రులు దావా వేశారు.

అక్కడ బయటపడ్డ ఒక సంగతి పత్రికల వాళ్లుగా మాకు మరీ ముచ్చటేసింది. ఆ వాదానికి పాఠ్యపుస్తకంగా చూపినదాని పాత చిత్తుప్రతులు తెప్పించి చూస్తే, మొదట అంతటా 'సృష్టివాదం' అనే ఉంది. బడుల్లో సృష్టివాదం చెప్పడం చెల్లదని 1987లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చాక, ఆ మాట కొట్టేసి 'డిజైన్' అని దిద్దుకుంటూ పోయారు. ఆ తొందరలో ఒకచోట పాత మాట ముక్క, కొత్త మాట ముక్క అతుక్కుపోయి అర్థం లేని మూడో మాట మిగిలిపోయింది. ప్రూఫులు దిద్దేవాడికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

క్రాస్ ఎగ్జామినేషన్‌లో బీహీని ఒక మాట అడిగారు: మీరు చెప్పే సైన్సు నిర్వచనం ప్రకారం జ్యోతిషం కూడా సైన్సు సిద్ధాంతమే అవుతుందా? అవుతుందని ఒప్పుకున్నాడు. అక్కడ అది సంచలనం. ఇక్కడైతే ఎవరూ ఉలిక్కిపడేవారు కాదేమో. విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషం కోర్సులు వద్దని హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వ్యవస్థాపకుడు పి.ఎం.భార్గవ కోర్టుకెక్కితే, మన హైకోర్టులోనూ, చివరికి 2004లో సుప్రీంకోర్టులోనూ ఓడిపోయారు. 2019లో జలంధర్ సైన్స్ కాంగ్రెస్ వేదిక మీద, డార్విన్ కంటే దశావతారాల సిద్ధాంతమే మెరుగని చెప్పింది మన రాష్ట్రపు వైస్ చాన్సలరే. కాబట్టి డోవర్‌ను చూసి నవ్వే హక్కు మనకు పెద్దగా లేదు.

2005 డిసెంబర్ 20న జడ్జి జాన్ జోన్స్ 139 పేజీల తీర్పులో ఇంటెలిజెంట్ డిజైన్ సైన్సు కాదని రాశారు. జడ్జి రాసినంత మాత్రాన ఏదీ సైన్సు కాకుండా పోదు, అది వేరే మాట. అసలు పరీక్ష వేరే ఉంది: ఓడిపోవడానికి సిద్ధపడడం. చింపాంజీకి 24 జతల క్రోమోజోములు, మనకు 23. పూర్వీకులు ఒకరే అయితే ఆ జత ఎక్కడికి పోయింది? ఎక్కడో రెండు అతుక్కుని ఉండాలి, లేకపోతే పరిణామ సిద్ధాంతానికి చిక్కే. వెతికారు. మన రెండో క్రోమోజోము నడుమ, మామూలుగా కొసల్లో ఉండాల్సిన గుర్తులు దొరికాయి. రూపకర్త వాదం ఇలాంటి పందెం ఒక్కటైనా కాసిందా? 24 జతలున్నా ఆయన ఇష్టమే, 23 ఉన్నా ఆయన ఇష్టమే. ఏం దొరికినా ఓడని వాదానికి ప్రయోగశాల ఎందుకు? తొలి కణం ఎలా పుట్టిందో సైన్సు ఇంకా తేల్చలేదు, నిజమే. తెలియనిచోట తెలియదని రాసిపెట్టుకోవడమే ఆ వృత్తి.

ఇలా రాస్తే క్షేత్రంలో ఉంటూ దేవుడి మీద కలం ఎత్తారని అనేవాళ్లు ఉంటారు. వాళ్లకు రామానుజులనే చూపిస్తాం. 'కుండ ఉందంటే కుమ్మరి ఉన్నట్టే, లోకం ఉందంటే కర్త ఉన్నట్టే' అన్నది మన నైయాయికుల, అంటే న్యాయ దర్శనం పండితుల, పాత తర్కమే. ఇంగ్లండులో పేలీ అనే మతాచార్యుడు 1802లో 'గడియారం ఉందంటే చేసినవాడు ఉన్నట్టే' అన్న కథ చెప్పడానికి ఎన్నో శతాబ్దాల ముందటిది. దాన్ని శ్రీభాష్యంలో పట్టుబట్టి ఖండించినవారు రామానుజులు. పెద్ద కట్టడాలు, రథాలు పదిమంది చేతుల మీదుగా అవుతాయి కదా, లోకాన్ని మాత్రం ఒక్కరే చేశారని దేన్నిబట్టి అంటావు? కుమ్మరికి ఒళ్లుంది, మరి లోకకర్తకు? అనుమానంతో, అంటే గుర్తుల్ని బట్టి ఊహించే తర్కంతో, ఈశ్వరుణ్ణి నిరూపించలేం, శాస్త్రమే ప్రమాణం అన్నారు. ఆయన చెప్పిన శాస్త్రం వేదాంతం, బడి సైన్సు కాదు. అలిపిరి మెట్లదారిలో ఏడుకొండలవాడి కొండ మీద కాలు మోపలేక మోకాళ్లతో ఎక్కారని మనం చెప్పుకునే మహాభక్తుడే, సూక్ష్మజీవి తోక చూపించి దేవుణ్ణి గెలిపించే పని పెట్టుకోలేదు.

మాకున్న దిగులు తరగతి గది గురించి. కోవిడ్ భారం తగ్గించే పేరుతో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో 'అనువంశికత, పరిణామం' అధ్యాయం నుంచి పరిణామాన్ని తీసేసింది. 2023లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు వద్దని సంతకాలు చేశారు. 2024-25 నుంచి మన రాష్ట్రంలో పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే. ఇంటర్‌లో బైపీసీ తీసుకుంటే సరే, ఎంపీసీలో చేరిన పిల్లవాడికి డార్విన్ ఇక తరగతిలో ఎదురుపడడు. ఎదురుపడేది వాట్సాప్‌లోనే, అదీ 'కోతి మనిషి కావడం ఎవరు చూశారు' అన్న వెక్కిరింతగా.

తీసేసిన ఆ భాగం తిరిగి పెట్టాలి. అందాకా చేయదగ్గ పని ఒకటుంది. తిరుమల ఘాట్ రోడ్డు పక్క కొండ కోతలో అడుగున గ్రానైట్, దాని మీద క్వార్ట్‌జైట్ కనిపిస్తాయి. ఆ రెండింటి నడుమ దాదాపు 80 కోట్ల ఏళ్ల చరిత్ర రాళ్లలో నమోదు కాకుండా పోయింది. శిలాతోరణంలాగే దీన్నీ జియలాజికల్ సర్వే జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. కింది రాతి మీద ఒక చేయి, పై రాతి మీద ఒక చేయి ఆనించి పదో తరగతి పిల్లలు నిలబడి చూడవచ్చు. ఘాట్‌లో బస్సు ఆపడానికి టీటీడీ అనుమతి, వెంట ఒక భూగర్భశాస్త్రం మాస్టారు ఉంటే చాలు.