మూడో రోజు మెరోపెనమ్ ఎందుకు నడుస్తున్నట్టు?

ఆసుపత్రిలో మందులకు లొంగని బ్యాక్టీరియా పెరిగిపోతోంది. అయినా ఐసీయూలో ఇన్ఫెక్షన్ అనుమానం రాగానే మెరోపెనమ్ లాంటి పెద్ద యాంటీబయాటిక్‌తోనే మొదలుపెట్టడం సబబేనా? సబబే అంటున్నారు ఐసీయూ డాక్టరు. కాదంటున్నారు మైక్రోబయాలజిస్టు.

ఐసీయూ డాక్టరు: మేడమ్, వెంటిలేటర్ మీదున్న మనిషికి రాత్రికి రాత్రే జ్వరం ఎగబాకింది, బీపీ పడిపోతోంది. ఇన్ఫెక్షన్ ముదిరి బీపీ ఇలా పడిపోయే సెప్టిక్ షాక్‌లో గంటలోపు యాంటీబయాటిక్ పడాలని అంతర్జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఏ బ్యాక్టీరియానో, దానికి ఏ మందు పనిచేస్తుందో చెప్పే మీ కల్చర్ రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చోమంటారా?

మైక్రోబయాలజిస్టు: షాక్‌లో ఉన్నవాళ్లకు వెంటనే ఇవ్వండి సార్, అందులో నాకు పేచీ లేదు. కానీ షాక్ లేకుండా అనుమానం మాత్రమే ఉంటే, ముందు గబగబా పరీక్షలు చేసి చూసుకోవడానికి అవే మార్గదర్శకాలు మూడు గంటల వెసులుబాటు ఇచ్చాయి. ఆ మాట ఎవరూ ఎత్తరు. జ్వరం కాస్త పెరిగినా మెరోపెనమే, కఫం రంగు మారినా మెరోపెనమే. కాలి సిరలో రక్తం గడ్డకట్టినా జ్వరం రావచ్చు కదా!

ఐసీయూ డాక్టరు: రావచ్చు. కానీ అది ఇన్ఫెక్షనే అయి, మొదట ఇచ్చిన మందు దానికి పనిచేయకపోతే ప్రాణం నిలబడే అవకాశం తగ్గుతుంది. ఆ టెన్షన్ భరించేది నేను, బయట కూర్చున్న వాళ్ల బంధువులు.

మైక్రోబయాలజిస్టు: పనిచేసే మందులు ఏవి మిగిలాయన్నదే నా బాధ. మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్ 1959లో వస్తే, దానికి లొంగని స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా 1961కల్లా బ్రిటన్‌లో కనిపించింది. ఇప్పుడు మెరోపెనమ్‌కు లొంగని క్లెబ్సియెల్లా, అసినెటోబ్యాక్టర్ మన కళ్లముందే ఉన్నాయి. గత్యంతరం లేక కొలిస్టిన్‌ను మళ్లీ బయటికి తీశాం. కిడ్నీలను దెబ్బతీస్తుందని ఒకప్పుడు పక్కన పెట్టేసిన మందది. దానికీ లొంగకుండా చేసే ఎంసీఆర్-1 జన్యువును 2015లో చైనాలో గుర్తించారు. అది ప్లాస్మిడ్ మీద, అంటే బ్యాక్టీరియా ఒకదానికొకటి అందించుకోగల చిన్న డీఎన్ఏ ముక్క మీద ఉంటుంది కాబట్టి ఒక బ్యాక్టీరియా నుంచి వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా పాకిపోతుంది.

ఐసీయూ డాక్టరు: కొలిస్టిన్ సంగతి పశువుల దాణాలో కలిపినవాళ్లను అడగండి. దానికి నా రోగి ఎందుకు మూల్యం చెల్లించాలి?

మైక్రోబయాలజిస్టు: వాళ్లనూ అడగాల్సిందే. కానీ అవసరం లేని మందు నడిచినా మూల్యం చెల్లించేది మీ రోగే. మెరోపెనమ్ పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను ఊడ్చేస్తుంది. ఖాళీ అయిన చోట మొండి క్లెబ్సియెల్లా తిష్ఠ వేస్తుంది. కొన్నాళ్లకు అదే రక్తంలోకి దిగితే మీ చేతిలో ఏముంటుంది?

ఇంకో సంగతి. మొన్న మీ వార్డు నుంచి వచ్చిన కల్చర్ ప్లేటు చూశాను. బ్యాక్టీరియా ప్లేటంతా మందంగా పరుచుకుంది, సెఫ్ట్రియాక్సోన్ అనే చిన్న యాంటీబయాటిక్ అద్ది ప్లేటు మీద పెట్టిన బిళ్ల చుట్టూ మాత్రం బ్యాక్టీరియా పెరగని వెడల్పాటి ఖాళీ వలయం. అంటే చిన్న మందే చాలు. రిపోర్టు పంపాం. అది ఫైల్లోకి వెళ్లింది. మెరోపెనమ్ మాత్రం ఆగలేదు.

ఐసీయూ డాక్టరు: కోలుకుంటున్న మనిషికి మందు మార్చాలంటే చెయ్యి ఆడదు మేడమ్. మీ రిపోర్టు వస్తుంది గానీ మీరు రారు. ఆ ప్లేటు గురించి ఇంత వివరంగా నాకు ఎవరైనా చెప్పారా?

మైక్రోబయాలజిస్టు: న్యాయమైన మాట. ఇకమీదట నేనే రౌండ్‌కు వస్తాను. మరి ఎన్ని రోజులు ఇవ్వాలన్నది కూడా అక్కడే తేల్చుకుందాం. వెంటిలేటర్ న్యుమోనియాకు 8 రోజులు, 15 రోజులు పోల్చిన ఫ్రాన్స్ అధ్యయనం 2003లోనే వచ్చింది, మరణాల్లో తేడా రాలేదు.

ఐసీయూ డాక్టరు: సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా వల్ల వచ్చిన వాటిలో 8 రోజులకే ఆపితే ఎక్కువగా తిరగబెట్టిందనీ అందులోనే ఉంది.

మైక్రోబయాలజిస్టు: ఉంది. అందుకే ఏ బ్యాక్టీరియానో తెలిశాక నిర్ణయిద్దాం అంటున్నా. అసలు ఇన్ఫెక్షన్ రాకుండానే చూసుకోవచ్చు కదా! అవసరం తీరిపోయిన యూరిన్ క్యాథెటర్ రోజుల తరబడి అలాగే ఉంటోంది. అసినెటోబ్యాక్టర్ పొడిగా ఉన్న మంచం రెయిలింగ్ మీద కూడా రోజులు, వారాలు బతుకుతుంది. ఆ రెయిలింగ్ పట్టుకున్న చెయ్యే పక్క రోగి మీద పడుతుంది. చేతులు కడుక్కుంటే ప్రాణాలు దక్కుతాయని సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు 1847లో వియన్నాలోనే చూపించాడు.

ఐసీయూ డాక్టరు: రాత్రిపూట ఒక్క నర్సుకు నాలుగు మంచాలు అప్పగించి, మంచం మారిన ప్రతిసారీ చేతులు శుభ్రం చేసుకోలేదేమని అడిగే మొహం నాకు లేదు. ఒకరికి గొట్టంతో కఫం లాగే సక్షన్ చేస్తుండగానే ఇంకో మంచం దగ్గర అలారం మోగుతుంది.

మైక్రోబయాలజిస్టు: ఆ మాట యాజమాన్యంతో మీటింగులో మీరే చెప్పండి. నేనూ మీ పక్కనే కూర్చుంటా.

ఐసీయూ డాక్టరు: చెబుతాను. కానీ షాక్‌లో ఉన్నవాడికి మొదటి డోసు విషయంలో మాత్రం తగ్గేది లేదు.

మైక్రోబయాలజిస్టు: తగ్గొద్దు. ఆ డోసుకు ముందే బ్లడ్ కల్చర్ తీయించండి. మూడో రోజు మెరోపెనమ్ ఎందుకు నడుస్తోందో కేస్ షీట్‌లో ఒక్క లైను రాయండి. రాయడానికి కారణం దొరక్కపోతే ఆ రోజే ఆపేద్దాం.