ఒకటో ర్యాంకు, రెండో ర్యాంకు మావే

డబ్బులు పోసి గడ్డి కొంటారన్న సంగతి మా అత్తగారికి అరవై ఏళ్లు దాటాక తెలిసింది. లాన్ ముక్కలతో వ్యాన్ వచ్చి గేటు ముందు ఆగగానే, "గేదెనెప్పుడు తోలుకొస్తున్నావురా?" అని మా ఆయన్ని అడిగారు. ఎగతాళికి కాదు, నిజంగానే. ఇది మేసే గడ్డి కాదమ్మా, మెక్సికన్ గ్రాస్, చూసుకునే గడ్డి అని ఆయన వివరించారు. "చూడ్డానికైతే కాలవ గట్టు మీద బోలెడుందిగా" అనేసి ఆవిడ లోపలికెళ్లిపోయారు.

మా ఇల్లు విజయవాడ దాటాక గన్నవరం దారిలో. ఇంటి ముందు అర సెంటు ఖాళీ వదిలాం. మెక్సికన్ గ్రాస్ ముద్దుగానే ఉంటుంది, మెత్తగా, ఒత్తుగా. కాకపోతే మహా బద్ధకం. ముక్కకీ ముక్కకీ మధ్య వదిలిన సందు కమ్ముకోవడానికి నెలలు తీసుకుంటుంది. అంత తీరిక తుంగకి లేదు.

అదెలా వచ్చిందో ఇప్పటికీ తేలలేదు. ఎర్రమట్టి తోలినతను ఎరువులో వచ్చిందన్నాడు, ఎరువు తోలినతను మట్టిలో వచ్చిందన్నాడు. మొదటి మొలకలు సందుల్లోంచి లేచినప్పుడు మా ఆయన మురిసిపోయారు. "చూశావా, మన గడ్డి ఎంత ఏపుగా వస్తోందో!" అంటూ దానికి రెండు పూటలా నీళ్లు. అత్తగారు వంగి ఒక కాడ తుంచి, వేళ్ల మధ్య దొర్లించి చూశారు. "మూడు పలకలుగా ఉంది. ఇది తుంగ."

అసలు గడ్డికి కాడ గుండ్రంగా ఉంటుంది, తుంగకి మూడంచులు. శాస్త్రం ప్రకారం తుంగది గడ్డి కుటుంబమే కాదట. మా వాకిట్లో మాత్రం కుటుంబంతో సహా దిగింది.

మర్నాటి నుంచి మా ఆయన కాఫీ తాగి, పీట వేసుకుని పీకడం మొదలెట్టారు. పీకితే ఆకూ కాడా చేతికొస్తాయి. నల్లటి గడ్డ భూమిలోనే ఉంటుంది. ఆ గడ్డ నుంచి సన్నటి తీగ, దాని చివర ఇంకో గడ్డ, అక్కణ్నుంచి ఇంకోటి. పైది తెగగానే కింద నిద్రపోతున్నవన్నీ మేలుకుంటాయి. అంటే ఆయన పొద్దున్నే కూర్చుని చేస్తున్నది కలుపు తీయడం కాదు, సుప్రభాతం.

సలహాలకేం కొదవ లేదు. ఒకరు ఉప్పు చల్లమన్నారు. అప్పుడు తుంగా ఉండదు, లానూ ఉండదు, పక్కనున్న కరివేపాకూ ఉండదు. ఇంకొకరు నల్ల పట్టా కప్పమన్నారు. తుంగ మొలక కొస సూదిగా ఉంటుంది, పట్టాకి చిల్లులు పెట్టుకుని పైకొచ్చి గాలి పీల్చుకుంది. ఇక నర్సరీ ఆయన చెప్పిన నియమాలంటారా, అవన్నీ అప్పటికే తుంగలో తొక్కేశాం.

సంతోషించింది అత్తగారొక్కరే. ఆ గడ్డలంటే తుంగముస్తలు. విరిస్తే ఘాటైన మంచి వాసన. ఆవిడ వాటిని కడిగి, డాబా మీద ఎండబెట్టి, సున్నిపిండిలో కలిపారు. "ఇంకో మూల కూడా తవ్వు నాయనా, బాగా ఊరాయి" అని కొడుకుని ప్రోత్సహించేవారు.

మా అబ్బాయి హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి ఇంకో కబురు చెప్పాడు. 1977లో లెరాయ్ హోమ్ అనే ఆయనా, ఆయన సహచరులూ ప్రపంచంలో కెల్లా మొండి కలుపు మొక్కలకి ర్యాంకులిస్తే తుంగకి ఫస్ట్ ర్యాంకు వచ్చిందట. 90కి పైగా దేశాల్లో రైతుల ఉసురు పోసుకుంటోందట. "రెండో ర్యాంకు దేనికిరా?" అన్నారు ఈయన. గరికకి. మా పంపు దగ్గర మూలన అప్పటికే రెండు దుబ్బులున్నాయి. ఒకటి, రెండు మావే! కార్పొరేట్ కాలేజీ అయితే ఈపాటికి టీవీలో ఊపిరి తీసుకోకుండా చదివించేది. మూడోది వరిచేలో వచ్చే ఊద. మేము వరి వేయలేదు కాబట్టి అది రాలేదు.

చెరుకులో తుంగకి కొట్టే హాలోసల్ఫ్యూరాన్ అనే మందు ఉందని కూడా వాడే చెప్పాడు. ఈయన పురుగుమందుల కొట్టుకెళ్లారు.

"ఎన్నెకరాలండీ?"

"అర సెంటు."

"చెరుకా, మొక్కజొన్నా?"

"లాన్."

కొట్టాయన కాసేపాలోచించి, "ఆ పైరు మా వైపు వేయరండీ" అన్నాడట.

చివరికి ఊళ్లోంచి కలుపు తీసే ఆడవాళ్లని ఇద్దర్ని పిలిపించి, ఈయన పని మీద బెజవాడ వెళ్లారు. నేను వంటింట్లో ఉన్నాను. అత్తగారు కుర్చీ వేసుకుని దగ్గరుండి పీకించారు. మధ్యాహ్నానికల్లా నేల అద్దంలా ఉంది. తుంగ లేదు. మెక్సికన్ గ్రాస్ కూడా లేదు, గోనెసంచిలో గేటు దగ్గరుంది. పంపు దగ్గర గరిక మాత్రం చెక్కు చెదరలేదు.

వచ్చి చూసిన మా ఆయనకి నోట మాట రాలేదు.

"చవితి దగ్గరకొచ్చింది కదండీ, గరిక పీకుతామా?" అంది పెద్దామె.

"మరి ఆ సంచిలోది?"

"అదేం గడ్డో గానీ బాబుగారూ, ఎదుగూ బొదుగూ లేదు. ఇన్నాళ్లెలా ఉంచారండీ? మేకలకేస్తాం, పట్టుకెళ్లమంటారా?"

పట్టుకెళ్లారు. కూలీ కూడా పట్టుకెళ్లారు.

రెండు వానలు పడేసరికి తుంగ మళ్లీ తలెత్తింది. దాని పక్కనే గరిక పంపు దగ్గర్నుంచి బయల్దేరి, కణుపు కణుపుకీ వేరు దించుకుంటూ గేటు దాకా పాకింది. వినాయక చవితి పొద్దున దూర్వాయుగ్మం కోసం వీధి వీధంతా మా ఇంటికే. నాలుగిళ్ల అవతల కొత్తగా ఇల్లు కట్టుకున్నాయన పూజ సంగతి మర్చిపోయి నేలకేసే చూస్తున్నాడు.

"లాన్ భలే ఉందండీ. ఏ రకం?"

"క్రికెట్ గ్రౌండ్లలో వేసే రకం" అన్నారు మా ఆయన. అబద్ధమేం కాదు.

"అడుగెంత పడింది?"

మెక్సికన్‌కి కట్టిన రేటు చెప్పారు. ఆయన ఉలిక్కిపడి, సిగ్గుపడుతూనే నాలుగు పిలకలు అడిగాడు. ఈయన పారతో మట్టిపెళ్లతో సహా తీసి, పాత పేపర్లో చుట్టి, చేతిలో పెట్టి మరీ పంపారు. పెళ్ల పక్కనుంచి నల్లటి గడ్డలు రెండు మూడు కనపడ్డాయి. పండగ పూట నేను నోరెత్తలేదు.