65 వేల ఏళ్ల లెక్క: తేలాల్సింది మట్టి సంగతే

ఆస్ట్రేలియాలో మనిషి ఎప్పుడు అడుగుపెట్టాడని అడిగితే 2017 నుంచి ఎక్కువగా వినిపిస్తున్న జవాబు 65 వేల ఏళ్ల క్రితం అని. ఆ అంకె ఉత్తర ఆస్ట్రేలియాలోని మజెడ్‌బేబే రాతిగుహ నుంచి వచ్చింది. కకాడు జాతీయ పార్కును ఆనుకుని, మిరార్ ఆదివాసుల నేలలో ఉందది. పురావస్తు శాస్త్రవేత్త క్రిస్ క్లార్క్‌సన్ బృందం 2012, 2015లో అక్కడ తవ్వితే, రెండున్నర మీటర్ల లోతు వరకు రాతి పనిముట్లు బయటపడ్డాయి. అడుగు పొరలోనే అంచు నూరిన గొడ్డళ్లు, నూరుడు రాళ్లు, రంగు కోసం వాడే ఓకర్ ముక్కలు ఉన్నాయి. వాటి పనితనం గురించి ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా వయసు దగ్గరే.

అంత పాతవాటికి రేడియోకార్బన్ పనికిరాదు. సుమారు 50 వేల ఏళ్లు దాటితే కొలవడానికి కార్బన్-14 దాదాపు మిగలదు. అందుకే ఇసుకను అడుగుతారు. ఎండ తగిలినప్పుడు క్వార్ట్జ్ రేణువు గడియారం సున్నాకు వస్తుంది. మట్టిలో పూడ్చుకుపోయాక చుట్టూ ఉన్న యురేనియం, థోరియం, పొటాషియం రేడియేషన్ వల్ల దానిలో శక్తి పోగవుతూ ఉంటుంది. వెలుతురు సోకకుండా తీసిన రేణువు మీద ల్యాబ్‌లో కాంతి వేస్తే ఆ శక్తి మెరుపుగా బయటికొస్తుంది. దాన్ని కొలిచి, రేణువు చివరిసారి ఎండ చూసి ఎన్నేళ్లయిందో లెక్కగడతారు.

ఈ లెక్కలో తేలేది ఇసుక వయసు. గొడ్డలికీ అదే వయసు అనాలంటే రెండూ ఒకేసారి పూడి, ఆ తర్వాత కదలకుండా ఉండాలి. ఉత్తర ఆస్ట్రేలియా ఉష్ణమండల నేలలో ఆ పూచీ ఇవ్వడం కష్టం. అక్కడ చెదపురుగులు సన్నటి ఇసుకను మోసుకుపోయి పైన పోస్తుంటాయి. అవి మోయలేని రాళ్లు ఏళ్ల తరబడి కిందికి దిగుతూ, ఎక్కడో లోతున ఒక వరసగా పేరుకుంటాయి. మజెడ్‌బేబేలో కూడా ఇదే జరిగి ఉండొచ్చని మార్టిన్ విలియమ్స్ తదితరులు 2021లో వాదించారు. విరిగిన రాతి పెచ్చులను మళ్లీ అతికించి చూశామనీ, ముక్కలు పెద్దగా కిందికీ మీదికీ కదల్లేదనీ క్లార్క్‌సన్ బృందం జవాబు. ఆ జవాబును తేలిగ్గా తీసిపారేయలేం. కానీ అతుక్కున్న ముక్కలన్నీ కలిసే కిందికి దిగి ఉంటే? నా సందేహం అక్కడే ఆగింది.

ఈ సందేహానికి కారణం జిన్మియం. వాయవ్య ఆస్ట్రేలియాలోని ఆ గుహలో పనిముట్లు లక్షా 16 వేల ఏళ్ల నాటివని 1996లో ప్రకటించారు. 1998లో ఒక్కో రేణువునీ విడిగా కొలిస్తే పది వేల ఏళ్లు కూడా దాటలేదు. పైనుంచి రాలిన ఇసుకరాయి అక్కడే పొడిగా మారడంతో కొన్ని రేణువులకు అసలు ఎండే తగల్లేదు. వాటి పాత లెక్క మొత్తం పనిముట్ల ఖాతాలో పడింది. మజెడ్‌బేబేలో రేణువులను విడివిడిగానే కొలిచారు కాబట్టి ఆ పొరపాటు ఇక్కడ లేదు. చెదల ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

నా లెక్కలో 50 వేల ఏళ్లు గట్టి నేల. 65 వేలు సాధ్యమే గానీ ఇంకా రుజువు కావాలి. ఈ మాట అన్నవాళ్లను ఆదివాసుల వ్యతిరేకులుగా చూడటం అన్యాయం. మిరార్ ప్రజలకు ఆ నేల మీదున్న హక్కు ఏ ల్యాబ్ అంకె మీదా ఆధారపడలేదు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని జూకన్ గార్జ్‌లో 46 వేల ఏళ్ల నివాసపు ఆనవాళ్లున్న గుహలను 2020 మేలో గనుల కంపెనీ రియో టింటో ఇనుప గని కోసం పేల్చేసింది. అంత పాతదని తెలిసినా వాటికి రక్షణ దొరకలేదు.

ఇదే క్లార్క్‌సన్ మన నంద్యాల జిల్లా జ్వాలాపురం రాతి పనిముట్ల మీదా పనిచేశారు. సుమారు 74 వేల ఏళ్ల క్రితం సుమత్రాలో టోబా అగ్నిపర్వతం చిమ్మిన బూడిద అక్కడ పొరగా నిలిచింది. ఆ పేలుడుకు ముందూ తర్వాతా అక్కడ మనుషులు ఉన్నారా అనడానికి పొరకు కింద ఏముంది, పైన ఏముంది అన్నదే సాక్ష్యం. ఆ బూడిదను పాత్రలు తోమే పొడి కోసం తవ్వి అమ్మారు. మిగిలిన పొరనైనా కంచె వేసి కాపాడాలి, మెరుగైన పద్ధతులు వచ్చేదాకా కొంత భాగాన్ని ముట్టుకోకుండా వదిలేయాలి. మజెడ్‌బేబేలో తవ్వకుండా మిగిలిన మట్టికీ నేను కోరేది అదే.